గడ్డి పని మీద

జూన్ 3

వంటింట్లో బురద. హాల్లో బురద. అత్తయ్య మంచం మీది దుప్పటికి కూడా బురద, అదీ కుక్క పాదాల ఆకారంలో.

వానొస్తే చాలు, మా పెరడు మొత్తం ఇంట్లోకి నడిచి వచ్చేస్తుంది. ఒకప్పుడు అక్కడ గడ్డి అనేది ఉండేది. మరిది కవలలు బంతి ఆడీ ఆడీ, కుక్క పరిగెత్తీ పరిగెత్తీ, తోడికోడలు బట్టలారేస్తూ తొక్కీ తొక్కీ, దానికి గుండు గీసి పెట్టారు. కవలలంటే మనుషులు కాదు, తుపానులు. ఈవేళ పెద్ద తుపాను జారిపడి పన్ను విరగ్గొట్టుకున్నాడు. వాడు ఏడుస్తుంటే చిన్న తుపాను బురదలో పన్ను కోసం వెతుకుతూ ఇంకా పెద్ద గొయ్యి తవ్వాడు.

"ఈ ఇంట్లో ఎవరికైనా బుద్ధనేది ఉంటే ముందు గడ్డి వేయండి" అంది అత్తయ్య.

అందరూ నా వైపు చూశారు. ఈ ఇంట్లో పని ఎవరిదో తేలకపోతే అది నాది. పెద్ద కోడలిని కదా. మా ఆయన పోయినా ఆ ఉద్యోగం మాత్రం పోలేదు. ఒకసారి ఈ మాట అత్తయ్యతోనే అంటే ఇద్దరం కలిసి నవ్వుకున్నాం, తర్వాత కలిసి ఏడ్చాం. ఆయన పోయిన దగ్గర్నుంచీ మా ఇద్దరికీ అన్నీ కలిసే.

జూన్ 5

మధ్యాహ్నం నేను పనిచేసే కళ్లద్దాల షాపు ఖాళీగా ఉంటే, డాక్టరమ్మకి చెప్పి విత్తనాల కొట్టుకి వెళ్లాను. మా వీధి చివర్లోదే. పాత ముసలాయన పోయాక మేనల్లుడు నడుపుతున్నారు. ఈయన ఇన్నాళ్లూ ఓడల్లో, ఇంజను గదిలో పనిచేసి వచ్చారట. అందుకే కాబోలు, ఎదురుగా నిలబడ్డ మనిషితో కూడా ఇంజను మోతలో మాట్లాడినట్టు మాట్లాడతారు.

"గడ్డి మీద ఎవరెవరు తిరుగుతారండీ?" అన్నారు. కొట్టు అదిరింది.

చెప్పాను. తుపానులిద్దరు, వాళ్ల జట్టు, కుక్క, మా అమ్మాయి పిచ్చుక, దాని స్నేహితురాళ్లు, బట్టల బుట్టతో తోడికోడలు, చేతికర్రతో అత్తయ్య.

"అది ఇల్లాండీ, బస్టాండా?"

నవ్వొచ్చింది. ఇంటికొచ్చేదాకా వస్తూనే ఉంది. అందులో అంత నవ్వేముందో ఇప్పుడు రాస్తుంటే తెలియడం లేదు.

ఒక ప్యాకెట్టు తీసి, చెయ్యి బారుగా చాపి, తల వెనక్కి వంచి, కళ్లు చికిలించి చదివారు. అలాంటి చేతులు నేను రోజూ చూస్తాను. దగ్గరి చూపు తగ్గింది, పాపం, ఆయనకింకా తెలియదు. తెలిసినా ఒప్పుకోరేమో. నేను చెప్పలేదు. మొదటిసారి వెళ్లి మనిషికి వయసు గుర్తు చేస్తే ఏం బాగుంటుంది.

ఏమీ కొనలేదు. ఆలోచించి కొనాలి.

జూన్ 6

ఆయనకి కళ్లద్దాలు కావాలి. నాకెందుకు.

జూన్ 9

మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. పెరట్లో నీడ ఎంత, ఎండ ఎంత అన్నది మొన్న చెప్పలేదు. ఫోన్ చేసి చెప్పొచ్చనుకో, కానీ నీడ గురించి ఫోన్‌లో ఏం అర్థమవుతుంది.

కొట్టు వెనక చెక్కపెట్టెల్లో రకరకాల గడ్డి పెంచుతున్నారు. "చెప్పులు విప్పి నిలబడి చూడండి. కళ్లకి నచ్చినది కాళ్లకి నచ్చదు" అన్నారు. ఒకటి సన్నగా, మెత్తగా, పిల్లి వీపులా ఉంది. దిగబుద్ధి కాలేదు. "అది చూసుకోవడానికేనండి. మీ బస్టాండుకి వారం ఆగదు" అన్నారు. ఇంకొకటి గరిక. కాస్త గరుకు, అరికాలికి కితకితలు. "ఇది తొక్కిన కొద్దీ అల్లుకుంటుంది" అన్నారు.

నేను ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి, అందులోంచి మళ్లీ మొదటిదానిలోకి దిగుతున్నాను. ఈ వయసులో, పట్టపగలు, చెప్పులు చేత్తో పట్టుకుని. కొనడానికి వచ్చిన రైతొకాయన గుడ్లప్పగించి చూశాడు. చూస్తే చూడనీ, గడ్డి పని మీదే కదా వెళ్లింది.

ఇంటికి రాగానే అత్తయ్య "ఏ విత్తనం?" అంది. "ఇంకా తేలలేదు" అన్నాను. "గడ్డికేనా ఇంత?" అంది. పొయ్యి మీద పాలున్నాయని వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద పాలు లేవు.

జూన్ 11

పిచ్చుక స్కూలుకి వెళ్తూ, "అమ్మా, నీలంది వేసుకుంటున్నావేంటి? ఈవేళ ఏమైనా ఉందా?" అంది.

"గడ్డి పని ఉంది."

"గడ్డికి నీలం ఇష్టమా?"

దీనికి నోరు ఎవరి పోలికో. అత్తయ్య పోలికే.

జూన్ 13

కొనేశాను. ఇంకా నాన్చితే బాగోదు. పైగా వానలు ముదరకముందే చల్లాలట.

గట్టిదే ఇవ్వమన్నాను. ఆయన పై అరలోంచి ప్యాకెట్లు దించి, చెయ్యి చాపి, "ఇదిగో, ఎంత తొక్కినా తట్టుకునేది" అని చదివారు. చదివేటప్పుడు కనుబొమ్మలు రెండూ దగ్గరికొచ్చి కలుస్తాయి. అది చూస్తూ నిలబడ్డాను. ప్యాకెట్టు వైపు చూడలేదు, దాని మీద ఏముంటుంది చూడ్డానికి.

ఆయన పెళ్లి చేసుకోలేదట. ఎందుకని నేనడగలేదు, ఆయనే చెప్పారు. ఓడలో తిరుగుతూ తిరుగుతూ మర్చిపోయారట. మనిషన్నవాడు గొడుగు మర్చిపోతాడు గానీ పెళ్లి మర్చిపోతాడా. ఇప్పుడు పక్క వీధిలో అక్కగారింట్లో ఉంటున్నారు.

జూన్ 14, శనివారం

ఈ రోజంత నవ్విన రోజు మా ఇంట్లో ఎప్పుడొచ్చిందో గుర్తు లేదు.

మరిది పారతో నేల కొద్దికొద్దిగా పెళ్లగించాడు. నేనూ తోడికోడలూ విత్తనంలో ఇసుక కలిపి చల్లాం. ఇసుక కలిపితే అన్ని చోట్లా సమంగా పడుతుందట, విత్తనాలాయన చెప్పారు. "విత్తనాలాయన ఇంకేం చెప్పారక్కా?" అని తోడికోడలు ప్రతి పిడికిలికీ అడిగింది. చల్లింది అణచడానికి తుపానులు నీళ్ల డ్రమ్ము దొర్లిస్తామని మొదలుపెట్టి, డ్రమ్మూ వాళ్లూ కలిసి గోడ దాకా దొర్లారు. చుట్టూ తాడు కట్టాం. కుక్క తాడు కింద నుంచి దూరింది. తాడు ఇంకాస్త కిందికి కట్టాం. కుక్క పైనుంచి దూకింది.

అత్తయ్య కుర్చీ వేయించుకుని, చేతికర్ర పట్టుకుని, పక్షులకి కాపలా కూర్చుంది. ఒక్క గింజ ముట్టుకుంటే ఊరుకోనని పిచ్చుకలతో అంది. మా పిచ్చుక, "నేనేం చేశాను నానమ్మా" అంది.

జూన్ 17

ఏమీ మొలవలేదు. కొట్టుకి వెళ్లి అడిగాను. ఓపిక పట్టమన్నారు.

జూన్ 18

ఏమీ మొలవలేదు. మళ్లీ అడగడానికి వెళ్లాను. నిన్న చెప్పిందే చెప్పారు. టీ ఇచ్చారు.

జూన్ 20

మొలిచింది, మొలిచింది, మొలిచింది. పొద్దున్నే అత్తయ్య కేకేస్తే అందరం నేల మీద బోర్లా పడుకుని చూశాం. నేల మీదంతా పచ్చటి నూగు. మరిది ఆఫీసు బట్టలతోనే పడుకున్నాడు.

చెప్పడానికి వెళ్లాను. చెప్పకపోతే ఎలా, పాపం ఆయనకీ ఆత్రంగా ఉండదూ.

జూన్ 24

ఏం పెరుగుతోంది, ఏం పెరుగుతోంది. చీలమండ దాకా వచ్చింది. "అంతా నీ చేతి చలవే అక్కా" అంది తోడికోడలు.

జూన్ 27

మోకాలి దాకా.

తుపానుల బంతి దాంట్లో పోయింది. తర్వాత చిన్న తుపాను కూడా పోయాడు, చెవి పట్టుకుని లాగితే వచ్చాడు. "ఇదేం జాతి గడ్డి తల్లీ, తొక్కడానికేనా, దాక్కోడానికా?" అంది అత్తయ్య. మొదట్లో కొంచెం పొడుగ్గానే ఉంటుందన్నాను. ఉంటుందో లేదో నాకేం తెలుసు.

జూన్ 29, ఆదివారం

పంపు వెనకాల ఇరుక్కున్న ఖాళీ ప్యాకెట్టు కుక్క లాక్కొచ్చింది. పిచ్చుక తీసుకుని గట్టిగా చదివింది.

"గేదెలకు, ఆవులకు శ్రేష్ఠమైన మేత. ఎంత తొక్కినా తట్టుకుని, పాల దిగుబడి పెంచును."

అందరం గడ్డి వైపు తిరిగాం. తర్వాత అత్తయ్య అంది, "ఇక గేదెని కట్టేయడమొక్కటే తక్కువ."

అంతే. మరిది నవ్వీ నవ్వీ గోడకి చేరబడ్డాడు. తుపానులు పెరడంతా గేదెల్లా తిరిగారు. తోడికోడలు కళ్లు తుడుచుకుంటూ, "కొట్టుకి అన్నిసార్లు వెళ్లావు కదక్కా, ప్యాకెట్టు ఒక్కసారీ చూడలేదా?" అంది.

ఇంత చిన్న అక్షరాలు చదవగలిగేదాన్ని ఆ కొట్టులో నేనొక్కదాన్నే. ఊళ్లోవాళ్ల కళ్లు పరీక్ష చేసేదాన్ని. ఆయనకి కనిపించక తప్పు, నేను చూడక తప్పు. ఏం చూస్తూ నిలబడ్డానో ఇక్కడ రాయను.

అత్తయ్య మాత్రం చివర్లో నవ్వలేదు. నా వైపే చూసింది. "పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందట" అంది, ఎవరితోనో అన్నట్టు.

జూన్ 30

ప్యాకెట్టు ఆయన ముందు పెట్టాను. చెయ్యి చాపి, ఇంకా చాపి, చివరికి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చదివారు. ముఖం చూస్తే జాలేసింది. జీవితంలో మొదటిసారి చిన్నగా మాట్లాడారు.

"గేదె గడ్డి ఇచ్చానా మీకు?"

"మా మరిది పిల్లలకి బాగా నచ్చింది" అన్నాను.

"అక్షరాలు ఈ మధ్య చిన్నగా అచ్చేస్తున్నారండీ."

"అక్షరాలు అలాగే ఉన్నాయి. రండి నాతో."

వచ్చారు. కొట్టుకి తాళం వేసి, బడికి పోయే పిల్లాడిలా వెనకాల నడిచి వచ్చారు. డాక్టరమ్మ చూశాక అద్దాలు పెట్టే పని నాది. కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్రేము పెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ కింది వరస చదవమన్నాను. తీసిన అద్దమే మళ్లీ పెట్టాను. ఇన్నేళ్లలో ఎవరి విషయంలోనూ అలా పొరపడలేదు.

చివరి అద్దం పడగానే అక్షరాలు చదవలేదు. నన్ను చూశారు.

"మీకు ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉంది" అన్నారు. గట్టిగా. బయట కూర్చున్న వాళ్లందరికీ వినిపించింది. డాక్టరమ్మ తలుపులోంచి తొంగిచూసింది.

"ఉంది. వరస చదవండి" అన్నాను.

జులై 2

సాయంత్రం కొడవలి పట్టుకుని, కొత్త కళ్లద్దాలు పెట్టుకుని గడ్డి కోయడానికి మా ఇంటికొచ్చారు. తప్పు తనది కాబట్టి తనే కోస్తారట. దుబ్బులు పీకడానికి మరిది సాయం పట్టాడు. పాలాయన బండి తెచ్చి మోపులన్నీ పట్టుకుపోయాడు, మళ్లీ ఎప్పుడేస్తారని అడిగి మరీ.

అత్తయ్య కుర్చీ వేయించుకుని కూర్చుంది. నీళ్లు నేనివ్వబోతే, గ్లాసు నా చేతిలోంచి తీసుకుని తనే ఇచ్చింది. ఆయన వెళ్లాక, "మనిషికి ఒళ్లు వంచడం వచ్చు" అంది. ఇంకేమైనా అంటుందేమోనని నేను అక్కడక్కడే తచ్చాడాను.

జులై 5, శనివారం

సరైన విత్తనం కోసం వెళ్లాను. గరిక. ఈసారి ప్యాకెట్టు ఇద్దరం చదివాం. సరిపోదని విడిగా ఇంకొంచెం తూస్తున్నారు.

"ఇది మొలిచాక ఇక మీకు ఇక్కడ పనుండదు కదండీ" అన్నారు.

"ఎందుకుండదు. ఎరువు కావాలి. తర్వాత..." తర్వాత ఏం కావాలో తట్టలేదు.

"అలా వద్దండీ. పెళ్లి చేసుకుందాం. మీకిష్టమైతేనే."

తక్కెడ పళ్లెం నిండిపోయింది. ఆయన పోస్తూనే ఉన్నారు. గింజలు బల్ల మీదికి, బల్ల మీంచి నేల మీదికి పోతున్నాయి. ఇద్దరం చూస్తున్నాం, ఒక్కరమూ ఆపలేదు.

"ఇంటికెళ్లి చెప్తాను" అని వచ్చేశాను. ఏం చెప్తానన్నానో, ఎవరికి చెప్తానన్నానో. సగం దూరం వచ్చాక చూసుకుంటే విత్తనం తేలేదు. రోడ్డు మీద నాలో నేనే నవ్వుకుంటుంటే ఎదురొచ్చే మనిషి పక్కకి తప్పుకున్నాడు.

జులై 6

విత్తనాలు మరిది వెళ్లి తెచ్చాడు. అందరూ చల్లారు. నాకు తలనొప్పి అని చెప్పాను. తలనొప్పి లేదు.

జులై 8

నాకు ఆయన కావాలి. రాసేశాను, ఇక కొట్టేయను.

నాకు అత్తయ్య కూడా కావాలి. మా ఆయన పోయినప్పుడు మా అమ్మానాన్నలు లేరు. నేను అన్నం మానేస్తే ఈవిడే కంచం పట్టుకుని ఎదురుగా కూర్చుంది. నువ్వు తినే దాకా నేనూ తినను అంది, అన్నట్టే తినలేదు. కొడుకు పోయిన మనిషి నా ముద్ద గురించి దెబ్బలాడింది. ఇప్పటికీ నేను షాపు నుంచి వచ్చేదాకా టీ తాగదు. మరిదీ తోడికోడలూ మంచివాళ్లే, కానీ వాళ్ల సందడి వాళ్లది. కొడుకు పోయిన ఇంట్లోంచి కోడలు కూడా వెళ్లిపోతే, ఆవిడకి వాడు రెండోసారి పోయినట్టు కాదూ.

అడగాలి. ఎలా అడుగుతారు ఇలాంటిది. అత్తయ్యా, టీ తాగండి, నేను వెళ్లిపోతున్నాను అనా.

జులై 9

అడగలేదు.

జులై 10

అడగలేదు. అత్తయ్య కూడా మాట్లాడటం లేదు. సాయంత్రం వచ్చేసరికి టీ తాగేసి ఉంది. గ్లాసు కడిగి బోర్లించి ఉంది. ఆ గ్లాసు చూసి ఏడుపొచ్చింది.

జులై 11

అత్తయ్యకి తెలిసిపోయింది. పిచ్చుక ఈ డైరీ చదివి మొన్ననే చెప్పేసిందట.

"నువ్వు చెప్పేసరికి నాకు పెళ్లీడొస్తుంది. అందుకే నేనే చెప్పా" అంది.

"నీకు కోపం రాలేదా?" అన్నాను.

కాసేపు జడ కొస నములుతూ ఆలోచించింది. "మొదట కొంచెం వచ్చింది. నాన్న గుర్తొచ్చి. తర్వాత నువ్వు పోపు పెడుతూ పాట పాడుతుంటే, పోన్లే అనిపించింది" అంది.

దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఊపిరాడట్లేదు వదులు అంది.

"నానమ్మ ఏమంది?"

"ఏమీ అనలేదు. ఆయన ఇల్లెక్కడో అడిగింది."

ఆయన్ని ఏమంటుందో ఏమో. షాపులో ఈవేళ ఒకావిడకి కుడి ఎడమలు మార్చి అద్దాలు బిగించాను.

జులై 12, శనివారం

పొద్దున్నే అత్తయ్య పెట్టెలోంచి మంచి బట్టలు తీసి వేసుకుని, చేతికర్ర పట్టుకుని బయల్దేరింది. ఎక్కడికంటే, "కాళ్లు పట్టేశాయి, నడిచి వస్తా" అంది. నేను వెనకాల వెళ్లబోతే కర్ర ఎత్తింది.

మధ్యాహ్నం దాకా రాలేదు. కాలు కాలిన పిల్లిలా వీధి గుమ్మానికీ వంటింటికీ తిరిగాను. చివరికి వచ్చింది. కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు అడిగింది. అన్ని రోజుల తర్వాత నన్నొకటి అడగడం అదే మొదలు.

"ఆయన వాళ్లక్క ఇంటికెళ్లాను" అంది. "అడగాల్సినవన్నీ అడిగాను. తాగుడుందా, లేదు. అప్పులున్నాయా, లేవు. గురకుందా, ఉందట. దూది పెట్టుకో."

నేను ఆవిడ కాళ్ల దగ్గర నేల మీదే కూర్చున్నాను.

"మరి మీరు మాట్లాడటం మానేశారుగా అత్తయ్యా. నేను..."

"ఏడ్చాను. ఎవరికీ కనపడకుండా ఏడవాలంటే మాట్లాడకూడదు, తెలియదా నీకు? టీ కూడా అందుకే ముందు తాగేశాను. నువ్వు లేకుండా గొంతు దిగుతుందో లేదో చూసుకోవాలి కదా."

"దిగిందా?"

"దిగింది. రుచి లేదు, అంతే." గ్లాసు కింద పెట్టింది. "వాళ్లక్క తలుపు తీసి, మీరు అమ్మాయికేమవుతారని అడిగింది. అత్తగారినంటే వింతగా చూస్తుంది, అత్తగారు కోడలికి సంబంధం మాట్లాడ్డానికి రావడమేమిటని. అందుకని అమ్మనని చెప్పాను."

ఆవిడ కర్రతో నేల మీద గీస్తూ కూర్చుంది.

"వింతగా చూస్తుందని కాదులే" అంది తర్వాత. "అడగ్గానే నోటికి అదే వచ్చింది."

ఆవిడ ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. పైకి, హాయిగా, సిగ్గు లేకుండా. తుపానులు వచ్చి చూసి పోయారు. అత్తయ్య నా తల నిమురుతూ, "చాల్లే. పక్క వీధికి వెళ్తూ ఓడెక్కి పోతున్నట్టు ఏడుస్తావేం. నేను రోజూ వస్తాను. టీకి వస్తాను. మీ ఆయన పిలిచినా పిలవకపోయినా వస్తాను" అంది.

మీ ఆయన అంది. అనేసి, తనే ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత మళ్లీ తల నిమరడం మొదలుపెట్టింది.

జులై 13, ఆదివారం

సరేనని చెప్పడానికి వెళ్లాను. అత్తయ్య కూడా వచ్చింది. నేను ఒక్కదాన్నే వెళ్తానంటే, "అమ్మని కదా నేను. నన్నొదిలి వెళ్తావా?" అంది.

చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచారు, మళ్లీ కూర్చున్నారు, మళ్లీ లేచారు. కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నారు. ఏదో మాట్లాడదామని నోరు తెరిస్తే గొంతు పెగల్లేదు. అంత గొంతూ ఏమైపోయిందో.

"బాబూ, నిలబడటమో కూర్చోవడమో ఏదో ఒకటి ఖాయం చెయ్యి. చూడలేక నాకు కళ్లు తిరుగుతున్నాయి" అంది అత్తయ్య.

"మిమ్మల్ని ఏమని పిలవాలండీ?" అన్నారు ఆయన, అదొక్కటే పైకొచ్చి.

"ఇదేం ప్రశ్న. పెళ్లికూతురి తల్లిని ఏమంటారు ఎవరైనా? అత్తయ్యా అను."

"అత్తయ్యా" అన్నారు.

ఆవిడ మొహం చూశాను. కొడుకు పోయాక అలాంటి మొహం చూడలేదు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మరి నువ్వో?" అంది.

నోటిదాకా వచ్చింది. పెదవులు కూడా కలిశాయి. కానీ ఇన్నేళ్ల అలవాటు, ఆఖరి నిమిషంలో "అత్తయ్యా" అనే వచ్చింది.

"తొందరేం లేదులే" అంది అమ్మ.